నది మెలికలో బొంతల ఊరు

ఇంట్లో పాత చీరలు పోగుపడితే ఏం చేస్తాం? వీధిలో స్టీలుసామాన్లవాళ్ల కేక వినిపించగానే మూట విప్పుతాం. నాలుగు చీరలకి ఓ గిన్నె అనుకుంటే, ‘ఇంకో రెండు ప్యాంట్లు వెయ్యండమ్మా’ అన్న బేరం ఎలాగూ తప్పదు. మన అమ్మమ్మల కాలంలో ఆ మూట గుమ్మం దాటేది కాదు. చిరిగిన చీరలూ పంచెలూ పొరలుపొరలుగా పరిచి, అంచులు మడిచి, దగ్గర దగ్గరగా కుట్టు వేసి బొంత చేసేవారు. పసిపిల్లల కింద పరిచేదీ అదే, పుష్యమాసంలో ముసుగు తన్నేదీ అదే.

ఆ బొంతని ఎవరో తీసుకెళ్లి పెద్ద మ్యూజియంలో గోడకి తగిలించి, పక్కన అమ్మమ్మ పేరు రాసిపెట్టారనుకోండి. మనకి నవ్వొస్తుంది. అమెరికాలో ఓ మారుమూల పల్లెలోని ఆడవాళ్లకి సరిగ్గా ఇదే జరిగింది. ఆ పల్లె పేరు గీస్ బెండ్. అలబామా రాష్ట్రం, విల్‌కాక్స్ కౌంటీ. న్యూయార్కు, కాలిఫోర్నియా తప్ప అమెరికా అంటే వేరే గుర్తుకురాని మనకి ఈ కౌంటీ కథ కాస్త వింతగానే ఉంటుంది. ఎందుకంటే ఇది అప్పులూ, జప్తులూ, పత్తి చేలూ, రేవూ, పంటూ ఉన్న కథ.

మూడు వైపులా నది

కౌంటీ అంటే మన మండలం కన్నా పెద్దది, పాత జిల్లాల కన్నా బాగా చిన్నది అనుకోవచ్చు. విల్‌కాక్స్ కౌంటీ 1819లో ఏర్పడింది. అక్కడి ఆదివాసులైన క్రీక్ ప్రజలతో జరిగిన యుద్ధంలో చనిపోయిన ఓ సైనికాధికారి పేరు దానికి పెట్టారు. అంటే పేరులోనే ఆ నేల ఎవరి దగ్గర్నుంచి ఎవరి చేతికి వచ్చిందో ఉంది. కౌంటీ కేంద్రం క్యామ్డెన్ అనే చిన్న పట్నం. కోర్టు, ఆఫీసులు, దుకాణాలు అన్నీ అక్కడే.

ఈ ప్రాంతాన్ని ‘బ్లాక్ బెల్ట్’ అంటారు. మొదట్లో ఆ పేరు అక్కడి నల్లమట్టిని చూసి పెట్టింది. మనకి నల్లరేగడి అంటే పత్తి ఎలా గుర్తొస్తుందో వాళ్లకీ అంతే. పత్తి అంటే మళ్లీ చాకిరీ చేసే మనుషులు కావాలి. 1860 జనాభా లెక్కల్లో విల్‌కాక్స్ కౌంటీలో 24,618 మంది ఉంటే అందులో 17,797 మంది బానిసలు. నలుగురిలో దాదాపు ముగ్గురు!

కౌంటీ మధ్యలో అలబామా నది గుర్రపు నాడాలా మెలిక తిరుగుతుంది. ఆ మెలిక లోపల చిక్కుకున్న నేలే గీస్ బెండ్. మూడు వైపులా నీళ్లు, వెనక ఒక్క వైపే దారి. మన గోదావరి లంకలు చూసినవాళ్లకి వేరే చెప్పక్కర్లేదు. 1816లో నార్త్ కరోలినా నుంచి జోసెఫ్ గీ అనే భూస్వామి వచ్చి ఇక్కడ పత్తి తోట వేశాడు. ఊరికి ఆ పేరు అందుకే. ఆయన తర్వాత ఆస్తి అన్న కొడుకుల చేతికొచ్చింది. వాళ్లు అప్పుల పాలై 1845లో తోటనీ, అందులోని మనుషుల్నీ కలిపి బంధువు మార్క్ పెట్‌వేకి బాకీ కింద జమ కట్టేశారు. భూమితో పాటు గొడ్లూ గోదా అప్పజెప్పినట్టు.

పెట్‌వే కుటుంబం నార్త్ కరోలినా నుంచి బళ్ల మీద వచ్చింది. వాళ్లకి చెందిన వందమంది దాకా బానిసలు ఆ దూరమంతా వెనకే నడిచి వచ్చారని ఊళ్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. ఇవాళ గీస్ బెండ్‌లో ఏ ఇంటికెళ్లినా పెట్‌వే అన్న ఇంటిపేరే ఎక్కువ వినిపిస్తుంది. ఒకరికొకరు చుట్టాలు కానివాళ్లూ పెట్‌వేలే. ఒకనాటి యజమాని పేరు ఇంటిపేరుగా మిగిలిపోయింది.

బానిసత్వం పోయింది 1865లో. పోయాక ఎక్కడికెళతారు? అదే పొలంలో పాలికి చేసుకుంటూ ఉండిపోయారు. విత్తనం అప్పు, ఎరువు అప్పు, పిండి అప్పు. పంట రాగానే లెక్క చూసే షావుకారు ఎప్పుడూ ఇంకా కొంత బాకీ ఉందనే చెబుతాడు. ఈ లెక్క మన పల్లెలకి మాత్రం తెలియనిదా?

షావుకారు పోయిన ఏడాది

1930 ప్రాంతంలో పత్తి ధర పడిపోయింది. గీస్ బెండ్ కుటుంబాలకి క్యామ్డెన్‌లో ఓ వర్తకుడు అప్పు ఇస్తూ, ధర పెరిగేదాకా ఓపిక పడుతూ వచ్చాడు. 1932లో ఆయన చనిపోయాడు. ఆయన భార్య బాకీలన్నీ ఒక్కసారిగా కట్టమంది. ఎక్కణ్నుంచి తెస్తారు? మనుషుల్ని పంపి అరవై దాకా కుటుంబాల ఇళ్లు ఖాళీ చేయించింది. కంచర గాడిదలు, ఆవులు, పందులు, కోళ్లు, నాగళ్లు, బళ్లు, గాదెల్లో మొక్కజొన్న, విత్తనాలు... మోసుకుపోగలిగినవన్నీ తీసుకుపోయారు. ఆడమనిషి అయితే ఆడమనిషి కష్టం తెలుస్తుందంటారు గానీ, అప్పుపత్రం చేతిలో ఉన్నప్పుడు ఆ మాట అన్నివేళలా నిజం కాదు.

ఆ చలికాలం ఊరు ఊరంతా రెడ్‌క్రాస్ పంపిన తిండి మీద, అడవిలో దొరికిన కాయల మీద, నదిలో పట్టిన చేపల మీద బతికింది. ఈ సంగతి వాషింగ్టన్ దాకా వెళ్లింది. అప్పటి అధ్యక్షుడు రూజ్వెల్ట్ ప్రభుత్వం ఊరిని సాయం పొందే పల్లెల్లో చేర్చింది. 1937లో ఆర్థర్ రోత్‌స్టీన్ అనే యువ ఫొటోగ్రాఫర్‌ని పంపి ఫొటోలు తీయించింది. ఇవాళ ఆ ఫొటోల్లో చూస్తే దుంగల ఇళ్లు, లోపల గోడలకి గాలి రాకుండా అతికించిన పాత పేపర్లు, ఆ గోడల ముందు నిలబడ్డ తల్లీపిల్లలు కనిపిస్తారు.

అదే రోజుల్లో ప్రభుత్వం దాదాపు పదివేల ఎకరాల తోట భూమిని కొనేసింది. వంద దాకా కొత్త ఇళ్లు, బడి, దుకాణం, జిన్నింగు మిల్లు కట్టించింది. తర్వాత 1940ల్లో ఆ ఇళ్లనీ పొలాల్నీ తక్కువ వడ్డీకి అప్పిచ్చి అక్కడివాళ్లకే అమ్మింది. జనం వాటిని ‘రూజ్వెల్ట్ ఇళ్లు’ అన్నారు. చుట్టుపక్కల ఏ ఊళ్లోనూ నల్లవాళ్ల పేరున అంత భూమి లేదు. అప్పుడు ఎవరికీ అంతగా తట్టి ఉండదు గానీ, పాతికేళ్ల తర్వాత ఆ పట్టాలే వాళ్లకి అండగా నిలిచాయి.

చలికి కుట్టినవి

ఇక బొంతల సంగతి. దుంగల సందుల్లోంచి చలిగాలి. ఒక్కో మంచం మీద ముగ్గురు నలుగురు పిల్లలు. కొనే స్తోమతు లేదు. అందుకని కుట్టారు. ఇందులో వేరే రహస్యం ఏమీ లేదు.

పొలంలో తొడిగి తొడిగి పాతబడిన మగవాళ్ల ప్యాంట్లు, చొక్కాలు, ఆడవాళ్ల గౌన్లు, ఏప్రాన్లు, పిండి బస్తాలు, ఎరువుల బస్తాలు... ఏదీ పారేసేవారు కాదు. మోకాళ్ల దగ్గర అతుకు ఊడదీస్తే దాని కింద రంగు ముదురు నీలంగా ఉంటుంది, చుట్టూ ఎండకి వెలిసి ఉంటుంది. ఆ ముక్కని అలాగే బొంతలో పెట్టేసేవారు. జేబు పీకిన చోటా అంతే. లోపల కూరడానికి జిన్నింగు మిల్లు నేల మీద ఊడ్చుకొచ్చిన దూది. పై భాగం ఎవరి ఇంట్లో వాళ్లు ఒక్కరే అతుకుతారు. ఏ ముక్క పక్కన ఏది రావాలో ఆవిడ ఇష్టం. ఆ పైన అస్తరు, దూది పెట్టి మూడూ కలిపి కుట్టేటప్పుడు మాత్రం ఇరుగుపొరుగు నలుగురూ చట్రం చుట్టూ కూర్చుని చర్చి పాటలు పాడుకుంటూ పని కానిచ్చేవారు. చిన్నపిల్లలు ఆ చట్రం కింద దూరి ఆడుకుంటూ, పైన సూదులు పైకీ కిందకీ రావడం చూస్తూ పెరిగారు. నేర్పడం అని వేరే లేదు.

నమూనాలకి పేర్లున్నాయి. నడిమి చతురం చుట్టూ పట్టీలు పేర్చుకుంటూ పోతే ‘హౌస్‌టాప్’, అంటే ఇంటి పైకప్పు. గోడ కట్టే ఇటుకల్లా మెట్లుగా పేరిస్తే ‘బ్రిక్‌లేయర్’. పొడుగు పట్టీలు అటూ ఇటూ కలిపేస్తే ‘లేజీ గాల్’... మన భాషలో బద్ధకపు పిల్ల! ఏ నమూనాకీ చెందకపోతే ‘మై వే’. నా దారి నాది, అని. సరళరేఖ ఎక్కడా సరిగ్గా సరళంగా ఉండదు. ఎర్ర ముక్క అయిపోతే నారింజ, అదీ అయిపోతే గళ్ల చొక్కా చెయ్యి. ఆ ‘అయిపోవడం’లోంచే కొత్తదనం వచ్చింది.

1942లో మిస్సోరి పెట్‌వే అనే ఆవిడ కుట్టిన బొంత ఒకటుంది. భర్త చనిపోయాడు. ఆయన పొలం బట్టలన్నీ తీసి, కూతురు ఆర్లోంజియాని సాయం కూర్చోబెట్టుకుని ముక్కలు చేసింది. వాటితో బొంత కుట్టుకుని, ఆయన గుర్తుగా అది కప్పుకుని పడుకుంటానని కూతురితో చెప్పిందట. చాలా ఏళ్ల తర్వాత ఆర్లోంజియా చెప్పిన మాట ఇది. బొంత చూస్తే వెలిసిన నీలం, బూడిద రంగు పట్టీలు, అక్కడక్కడా మరకలు. మనిషి పోయాక బట్టలు దానం చేసేస్తాం మనం, చూడలేక. ఆవిడ కప్పుకుంది. ఏది మంచిదో నాకు తెలీదు.

అలాగని అందరూ ఇష్టంగా కుట్టారనుకోకండి. లొరెట్టా పెట్‌వే అనే ఆవిడ తనకి కుట్టుపని అంటేనే గిట్టేది కాదని నిర్మొహమాటంగా చెప్పింది. పొలం పని, ఇంటి పని, పిల్లలు, పైన చలి. ఇంకెవరూ ఇవ్వరు కాబట్టి తానే కుట్టుకోవాల్సి వచ్చింది. ఆ గిట్టని పనికే 2015లో అమెరికా ప్రభుత్వం జానపద కళలకి ఇచ్చే అత్యున్నత గౌరవం, నేషనల్ హెరిటేజ్ ఫెలోషిప్, ఆమెకి దక్కింది. ఆమెతో పాటు అదే ఊరి మేరీ లీ బెండాల్ఫ్‌కీ, లూసీ మింగోకీ.

పంటు ఆగింది

గీస్ బెండ్ నుంచి ఏ పని మీద వెళ్లాలన్నా నది దాటి క్యామ్డెనే. డాక్టరు, కోర్టు, బజారు అన్నీ అవతలి ఒడ్డున. రేవులో పంటు ఎక్కితే కాసేపట్లో దిగొచ్చు. చుట్టూ తిరిగి రోడ్డు మీద వెళితే 65 కిలోమీటర్ల దాకా, గంట ప్రయాణం. అదీ కారు ఉన్నవాళ్ల మాట.

1960ల మొదట్లో నల్లవాళ్లు ఓటర్లుగా పేరు రాయించుకోవడానికి క్యామ్డెన్ కోర్టుకి వెళ్లడం మొదలుపెట్టారు. 1962లో పంటు ఆగిపోయింది. ఓటు అడగడానికి వచ్చేవాళ్ల దారి మూసెయ్యడానికే ఆపారని ఊరివాళ్లకి తెలుసు, ఆపినవాళ్లకీ తెలుసు. 1965 మొదట్లో విల్‌కాక్స్ కౌంటీలో జనాభాలో మూడొంతులకు పైగా నల్లవాళ్లే. ఓటరు జాబితాలో వాళ్ల పేరు ఒక్కటంటే ఒక్కటీ లేదు. అదే సమయంలో తెల్లవాళ్ల ఓట్లు మాత్రం ఓటు వయసున్న తెల్లవాళ్ల సంఖ్య కన్నా ఎక్కువ ఉన్నాయి! దొంగ ఓట్లు మనకొక్కళ్లకే సొంతం కాదన్నమాట.

1965 ఫిబ్రవరిలో వానలో తడుస్తూ మార్టిన్ లూథర్ కింగ్ గీస్ బెండ్ వచ్చి చర్చిలో మాట్లాడారు. మార్చిలో పొరుగు కౌంటీలోని సెల్మాలో వంతెన మీద ఊరేగింపుని లాఠీలతో కొట్టారు. ఆగస్టులో ఓటు హక్కుల చట్టం వచ్చింది. ఆ ఏడాదంతా విల్‌కాక్స్ కౌంటీలో ఓటుకి పేరు రాయించుకున్న పాలికాపులు ఇల్లూ పొలం పోగొట్టుకుని రోడ్డున పడ్డారు. భూమి యజమానిది, గుడిసె యజమానిది. పొమ్మంటే పోవాల్సిందే. గీస్ బెండ్ వాళ్లని మాత్రం ఎవరూ పొమ్మనలేకపోయారు. ఇల్లు వాళ్లది, పట్టా వాళ్ల చేతిలో ఉంది. ఉద్యమంలో ఆ ఊరు అంత గట్టిగా నిలబడడానికి ధైర్యం ఒక్కటే కాదు, ఆ కాగితమూ కారణమే.

పంటు మళ్లీ తిరగడానికి 2006 సెప్టెంబరు దాకా పట్టింది. నలభై నాలుగేళ్లు! ఆ మధ్యకాలంలో గర్భిణులు, గుండెనొప్పి వచ్చినవాళ్లు, పింఛను కోసం వెళ్లే ముసలివాళ్లు అందరూ ఆ చుట్టుదారినే వెళ్లారు. ఎదురుగా నది అవతలి ఒడ్డు కనిపిస్తూనే ఉంటుంది.

దండెం మీద మూడు బొంతలు

1965 డిసెంబరులో ఫ్రాన్సిస్ వాల్టర్ అనే తెల్ల మతబోధకుడు, పౌరహక్కుల పని మీద తిరుగుతూ ఆ చుట్టుపక్కల ఓ ఇంటి ముందు కారు ఆపాడు. దండెం మీద మూడు బొంతలు ఆరేసి ఉన్నాయి. ఎవరివో అడుగుదామని దిగితే, తెల్లమనిషిని చూసి ఇంటావిడ అడవిలోకి పరుగెత్తింది. ఆ రోజుల్లో గుమ్మం ముందు తెల్లమనిషి కారు ఆగిందంటే మంచికి అని ఎవరూ అనుకునేవారు కాదు.

ఆయన తర్వాత ఇంటింటికీ తిరిగి ఒక్కో బొంత పది డాలర్లకి కొని, న్యూయార్కులో వేలం పెట్టించాడు. 1966లో ‘ఫ్రీడమ్ క్విల్టింగ్ బీ’ అనే సహకార సంఘం పుట్టింది. నల్లజాతి పల్లెటూరి ఆడవాళ్లు నడుపుకున్న సంఘం. ఎస్టెల్ విదర్‌స్పూన్ అనే ఆవిడ దాని మేనేజరై ఏళ్ల తరబడి నడిపింది. 1969లో వీళ్లు 23 ఎకరాలు కొని కుట్టు కేంద్రం కట్టారు. మిగిలిన నేలలో కొంత, ఓటు కోసం ఇళ్లు పోగొట్టుకున్న కుటుంబాలకి ఇళ్ల స్థలాలుగా అమ్మారు. నా మటుకు నాకు మ్యూజియం కథ కన్నా ఇదే పెద్దదనిపిస్తుంది. బొంతలు అమ్మిన డబ్బుతో పొరుగింటివాళ్లకి నేల!

పెద్ద దుకాణాల ఆర్డర్లు వచ్చాయి. వాటితో చిక్కూ వచ్చింది. పట్నం దుకాణానికి వంద బొంతలూ ఒకేలా ఉండాలి. అంగుళానికి ఇన్ని కుట్లు, ఈ రంగు పక్కన ఈ రంగు. ‘మై వే’ అక్కడ చెల్లదు. 1972లో సియర్స్ కంపెనీ కార్డురాయ్ దిండు గలీబుల కాంట్రాక్టు ఇచ్చింది. పగలు సంఘంలో దుకాణానికి కావలసినట్టు కుట్టి, కత్తిరింపుల్లో మిగిలిన కార్డురాయ్ పేలికలు ఇంటికి తెచ్చుకుని, తమకి నచ్చినట్టు బొంతలు కుట్టుకున్నారు. మందపాటి గుడ్డ, సూది సులువుగా దిగదు. అందుకే ఆ కాలపు బొంతల్లో ముక్కలు పెద్దవి. ఎరుపు, పసుపు, ఆకుపచ్చ రంగులు గీత గీసినట్టు ఉంటాయి. ఇప్పుడు వాటినీ మ్యూజియాల్లో చూస్తున్నారు. ఆ సంఘం 2012 దాకా నడిచి మూతపడింది.

కట్టెల మోపు మీది ఫొటో

నది మీద 1960ల చివర్లో ఆనకట్ట వచ్చి ఊరి మెరక కింద ఉన్న మంచి పొలాలు మునిగాయి. సేద్యం తగ్గింది, పిల్లలు పట్నాలకి పోయారు. దుకాణాల్లో రగ్గులు చవగ్గా దొరకడంతో బొంతలు మంచాల కిందకి చేరాయి. దోమలు ఎక్కువైతే పాత బొంతకి నిప్పంటించి పొగ పెట్టుకునేవారు. దూది నెమ్మదిగా కాలుతుంది కదా!

అలాంటి రోజుల్లో అట్లాంటాకి చెందిన విలియం ఆర్నెట్ అనే కళావస్తువుల సేకర్త ఓ పుస్తకంలో ఒక ఫొటో చూశాడు. కట్టెల మోపు మీద ఆరేసిన బొంత. దాన్ని కుట్టినావిడ ఆనీ మే యంగ్‌ని వెతుక్కుంటూ 1998లో గీస్ బెండ్ వచ్చాడు. తర్వాత ఊరిలో ఇల్లిల్లూ తిరిగి వందల బొంతలు కొన్నాడు. 2002 సెప్టెంబరులో హ్యూస్టన్ లలితకళల మ్యూజియంలో ప్రదర్శన, నవంబరులో న్యూయార్కు విట్నీ మ్యూజియంలో. ఆధునిక చిత్రకళలో దిగ్గజాల పక్కన వీళ్ల పేర్లు పెట్టి రాశారు విమర్శకులు. అంతకుముందు మ్యూజియం అంటే ఎలా ఉంటుందో ఎరగని ఆడవాళ్లు బస్సుల్లో వచ్చి, తాము కప్పుకుని పడుకున్న బొంతలు గోడల మీద దీపాల వెలుగులో చూసుకున్నారు. 2006లో పది బొంతల బొమ్మలతో అమెరికా పోస్టల్ శాఖ స్టాంపులు వేసింది. అదే ఏడాది పంటూ వచ్చింది.

పేరు వచ్చింది సరే, డబ్బు? అందరూ అడిగే ప్రశ్నే ఇది. ఊళ్లోనూ అడిగారు. బొంతల నమూనాలతో తివాచీలు, కప్పులు, పుస్తకాలు అమ్ముడుపోతుంటే తమకి రావలసిన వాటా, కాపీరైటు సంగతి ఏమిటని 2007లో ఆనీ మే యంగ్, లొరెట్టా పెట్‌వే, మరొకావిడ ఆర్నెట్ కుటుంబం మీద కోర్టుకి వెళ్లారు. అవతలివాళ్లు ఆరోపణల్ని కాదన్నారు. 2008లో రాజీ కుదిరింది. ఆర్నెట్ స్థాపించిన సంస్థ తర్వాత చాలా బొంతల్ని దేశంలోని పెద్ద మ్యూజియాలకి చేర్చింది. కుట్టినవాళ్ల హక్కుల సంగతీ పట్టించుకోవడం మొదలెట్టింది.

2024లో ఇంకో ముచ్చట. ఓ పెద్ద దుకాణాల సంస్థ గీస్ బెండ్‌కి చెందిన ఐదుగురి డిజైన్లతో దుప్పట్లూ బట్టలూ అచ్చువేయించి దేశమంతా అమ్మింది. పేర్లూ ఫొటోలూ వేశారు. కానీ ఇచ్చింది మాత్రం ఒక్కసారికి ఇంత అని. ఎన్ని అమ్ముడైనా అదే. పైగా అవి బొంతల్లా కుట్టినవి కావు, బొంతలా కనిపించేలా అచ్చేసినవి. చేత్తో కుట్టడానికి నెలలు పట్టే దాన్ని యంత్రం నిమిషాల మీద దించేస్తుంది. మన కలంకారీ, ఇకత్ నేతవాళ్లు ఈ మాట వింటే ‘మాకు చెప్పేదేముంది’ అంటారేమో.

కౌంటీ ఇవాళ

1900లో విల్‌కాక్స్ కౌంటీ జనాభా 35 వేలు దాటి ఉండేది. 2020 లెక్కల్లో 10,600. ఓటు వచ్చాక 1978లో మొదటిసారి నల్లజాతి షెరీఫ్ ఎన్నికయ్యాడు. ఒకప్పుడు పేరు రాయించుకోడానికే భయపడిన కోర్టు ఆవరణలో ఇప్పుడు వాళ్లూ అధికారులే. అయినా ఉద్యోగాల మాట వచ్చేసరికి పరిస్థితి అంతంతమాత్రమే. అలబామాలో నిరుద్యోగం ఎక్కువగా ఉండే కౌంటీల్లో ఇది తరచూ మొదటి వరసలో ఉంటుంది. దేశంలోని బాగా పేద కౌంటీల్లో ఇదొకటి. పత్తి స్థానంలో కలప వచ్చింది. మైళ్ల కొద్దీ పైన్ చెట్లు, కాగితపు మిల్లు, నదిలో చేపలవేటకి వచ్చేవాళ్లు. చదువుకున్న పిల్లలు బయటికి పోతారు.

గీస్ బెండ్‌కి సర్కారు కాగితాల్లో 1949 నుంచి బోయ్‌కిన్ అని పేరు. జనం మూడొందలకి మించరు. ఒకప్పటి రూజ్వెల్ట్ ఇళ్లు కొన్ని ఇంకా నిలబడే ఉన్నాయి. పంటు మాత్రం కొత్త హంగులు దిద్దుకుంది. 2019లో దాన్ని బ్యాటరీల మీద నడిచేలా మార్చారు. కార్లు మోసే పంట్లలో అమెరికాలో అలా నడిచేది ఇదే మొదటిది. మారుమూల పల్లె రేవుకి వచ్చిన గౌరవం!

2021లో తొమ్మిది మంది ఆడవాళ్లు ఇంటర్నెట్‌లో, ఎట్సీ అనే బజారులో సొంతంగా అంగళ్లు తెరిచారు. మధ్యవాళ్లు లేకుండా, ధర తామే పెట్టి, ఎవరు కుట్టారో పేరు రాసి మరీ అమ్ముతున్నారు. పెద్ద బొంత అయితే వేల డాలర్లు పలుకుతుంది. చేసేవాళ్లలో చాలామంది పెద్దవయసువాళ్లు. కూతుళ్లూ మనవరాళ్లూ కొందరు నేర్చుకుంటున్నారు. ఉద్యోగం పట్నంలో, సూది సెలవు రోజుల్లో. పాత ప్యాంట్లు దొరకని కాలం కదా, కొత్త గుడ్డలు కొని కత్తిరించి అతుకుతున్నారు. పాతవాళ్లు దీనికి నవ్వుకుంటే తప్పు పట్టలేం.

2022 నుంచి ఏటా అక్టోబరులో ఊళ్లో బొంతల పండగ చేస్తున్నారు. చలికాలం ముందు బొంతలు ఎండలో వేసే పాత అలవాటే, కాస్త సందడిగా. ఇళ్ల ముందు దండేల మీద, వరండాల కటకటాల మీద, కంచెల మీద ఎక్కడ చూసినా బొంతలే. దూరప్రాంతాల నుంచి జనం కార్లలో వస్తారు, అవతలి ఒడ్డు నుంచి పంటు దాటి వస్తారు. ఇప్పుడు కారు ఆగితే ఎవరూ అడవిలోకి పరుగెత్తరు. కుట్టినావిడ బొంత పక్కనే కుర్చీ వేసుకుని కూర్చుంటుంది. ఏ ముక్క ఎవరి చొక్కాదో అడిగితే చెబుతుంది. ధర అడిగినా చెబుతుంది.